జారే సీసపు గుండు: కార్ప్ చేపకు నేను ముందుగా కట్టే గాలం

ఇంగ్లాండులో చేపలు పట్టే చెరువు గట్టు ఏదైనా సరే, వారాంతంలో అటు వెళితే, స్టాండు మీద రెండు మూడు గాలపు కర్రలను ఆనించి, పక్కనే గుడారం వేసుకుని, గంటల తరబడి నీళ్లవైపే చూస్తూ కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఎదురుచూసేది కార్ప్ చేప కోసమే. మన తెలంగాణ చెరువుల్లో బంగారు తీగ అని పిలుచుకునే చేప ఇదే. ఇక్కడికి ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లలో కొందరు ఈ వ్యాపకం మీద మనసుపడి, మొదట ఏ రకం అమరిక కట్టాలని నన్ను అడుగుతూ ఉంటారు. గాలాల దుకాణంలో అడుగుపెడితే గోడ నిండా రకరకాల పేర్లతో ప్యాకెట్లు వేలాడుతుంటాయి కనుక, ఎటు చెయ్యి వేయాలో తోచకపోవడం సహజమే. నేను అందరికీ చెప్పేది ఒకటే: దారం మీద స్వేచ్ఛగా జారే సీసపు గుండుతో మొదలుపెట్టండి. ఇక్కడ దీన్ని రన్నింగ్ లెడ్ అంటారు. కట్టడం తేలిక, పని చేసే తీరు కంటికి తెలుస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా చేపకు హాని తక్కువ.

అమరిక గురించి చెప్పేముందు ఈ చేప మేత తినే పద్ధతి చెప్పాలి, ఎందుకంటే మనం కట్టే ప్రతి ముడికీ కారణం అక్కడే ఉంది. కార్ప్ నోటిలో పళ్లు ఉండవు, అవి గొంతు లోపల ఉంటాయి. మూతి గొట్టంలా ముందుకు సాగుతుంది. పెదవుల పక్కనున్న రెండు జతల మీసాలతో అడుగును తడుముకుంటూ, మేతతోపాటు కాస్త మన్నునూ నీటినీ లోపలికి పీల్చుకుని, పనికొచ్చేది ఉంచుకుని, తేడాగా తోచినదాన్ని వెంటనే బయటికి ఊదేస్తుంది. ఈ పీల్చడం, ఊదడం రెప్పపాటులో జరిగిపోతాయి. కాబట్టి మన అమరిక చేయవలసిన పనులు రెండే. పీల్చినప్పుడు గాలం ఏ అడ్డూ లేకుండా నోట్లోకి వెళ్లి, ఊదినప్పుడు తిరగబడి కింది పెదవిని పట్టుకోవాలి. చేప కదిలిన సంగతి గట్టు మీదున్న మనకు వెంటనే తెలియాలి. మొదటి పని గాలపు దారానిది, అంటే గాలాన్ని కట్టే చివరి పొట్టి దారానిది, రెండోది సీసపు గుండుది.

ఈ గుండుకు ఇంగ్లాండులో మంచి చరిత్రే ఉంది. 1952 సెప్టెంబరులో హియర్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ కొలనులో రిచర్డ్ వాకర్ 44 పౌండ్ల కార్ప్‌ను, అంటే దాదాపు 20 కిలోల చేపను పట్టి, లండన్ జూకు అప్పగించారు. అక్కడి అక్వేరియంలో అది ఏళ్ల తరబడి బతికింది. అదే వాకర్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఆర్లెసీ చెరువులో, లోతైన నీళ్లలో దూరాన ఉండే పెర్చ్ చేపల కోసం, కన్నీటి బొట్టు ఆకారంలో ఒక గుండును రూపొందించారు. సన్నని కొనలో స్వివెల్‌ను, అంటే తన చుట్టూ తాను తిరిగే చిన్న లోహపు కీలును, పొదిగి, దారాన్ని ఆ స్వివెల్ కంటిలోంచి పోనిచ్చారు. గుండు గాలిలో ఎలా తిరిగినా దారం మెలిపడదు, చేప దారాన్ని లాగితే గుండు కింద అలాగే ఉండిపోతుంది. ఆర్లెసీ బాంబ్ అనే పేరుతో ఆ గుండు ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతుంది. ఈనాటి జారే గుండు అమరిక మూలసూత్రమంతా అందులోనే ఉంది.

ఇక సామాను. రీలులో 12 నుంచి 15 పౌండ్ల నైలాన్ దారం, అంటే ఐదున్నర నుంచి ఏడు కిలోల వరకు బరువు ఆపగలిగేది, ఉంటే చాలు. దాని చివర కట్టడానికి ఒక స్వివెల్, గుండును వేలాడదీయడానికి పెద్ద రంధ్రమున్న రన్ రింగ్ ఒకటి, ఆ రెంటికీ నడుమ మెత్తని రబ్బరు పూస ఒకటి కావాలి. రెండు ఔన్సుల గుండు, అంటే 57 గ్రాములది, మధ్యస్థ దూరానికి బాగుంటుంది. గాలపు దారం కోసం పైన ప్లాస్టిక్ పూత ఉన్న అల్లిక దారం, ఎనిమిదో నంబరు వెడల్పాటి గాలం తీసుకోండి. గాలాల లెక్కలో నంబరు పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ఇక్కడి చాలా చెరువుల్లో బార్బ్ లేని గాలమే వాడాలన్న నియమం ఉంది. మొన వెనక ముల్లు లేకపోతే చేప తప్పించుకుంటుందని కొత్తవాళ్లు భయపడతారు కానీ, దారాన్ని బిగువు సడలనివ్వకుండా ఉంచితే అలాంటి గాలం హాయిగా నిలుస్తుంది, తీసేటప్పుడు పెదవి చిరగదు.

అమరికలో ఎక్కువ సమయం పెట్టవలసింది గాలపు దారం మీదే. పాతిక ముప్ఫై సెంటీమీటర్ల ముక్క తీసుకుని, ఒక కొనలో ఏడెనిమిది సెంటీమీటర్ల మేర పైపూతను గోటితో ఒలిచేయండి. లోపలి మెత్తని అల్లిక బయటపడుతుంది. ఆ కొనలో చిన్న ఉచ్చు వేసి ముడి బిగించండి. ఎర ఈ ఉచ్చుకే ఎక్కుతుంది, గాలానికి కాదు. ఎరను గాలానికి గుచ్చకుండా దాని పక్కన సన్నని పోగుకు వేలాడదీసే ఈ పద్ధతిని హెయిర్ రిగ్ అంటారు. లెనీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు దీన్ని అభివృద్ధి చేయగా, 1980ల తొలినాళ్లలో ఇంగ్లాండంతా పాకింది. మొదట్లో నిజంగానే తల వెంట్రుక వాడారు. దాని ప్రయోజనం చూడండి: గాలం మొన ఎరలో కూరుకుపోకుండా పూర్తిగా బయటే ఉంటుంది, ఎర మాత్రం మామూలు మేతలాగే నోట్లోకి వెళుతుంది, అది ఊదబోయేసరికి వెనకే వచ్చే గాలం పెదవికి తగులుకుంటుంది.

ఉచ్చుకు ముందే ఎరను ఎక్కించి, కొలత చూసుకుని, తర్వాత గాలానికి చుట్టడం మంచి పద్ధతి. పిండి, గుడ్లు కలిపి ఉడికించి చేసే బాయిలీ ఉండల్లో 15 మిల్లీమీటర్లది, లేదా రెండు తీపి మొక్కజొన్న గింజలు తీసుకోండి. సూదితో ఎరలోంచి ఉచ్చును లాగి, బయటికి వచ్చిన ఉచ్చులో చిన్న ప్లాస్టిక్ పుల్లను అడ్డం పెడితే ఎర జారదు. ఇప్పుడు దారం రెండో కొనను గాలం కంటిలోకి, మొన లేని వైపు నుంచి, అంటే గాలం వీపు వైపు నుంచి దూర్చి లాగుతూ, ఎర గాలపు వంపుకు సుమారు ఒక సెంటీమీటరు దిగువన వేలాడేదాకా సర్దండి. ఎర వైపు పోగును గాలం కాడకు ఆనించి పట్టుకుని, రెండో కొనతో కాడనూ పోగునూ కలిపి కంటి దగ్గర నుంచి కిందికి ఏడెనిమిది చుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టండి. చివరికి ఆ కొనను మళ్లీ వీపు వైపు నుంచే కంటిలోకి పోనిచ్చి, మొన ఉన్న వైపుకు తీయాలి. ఈ చివరి దిశ తారుమారైతే ముడి చూడటానికి సరిగానే ఉంటుంది కానీ, దారం బిగిసినప్పుడు గాలం తిరగబడదు. బిగించేముందు ముడిని ఉమ్మితో తడపడం మానకండి. పొడిగా బిగిస్తే రాపిడికి పుట్టే వేడి దారాన్ని బలహీనపరుస్తుంది, నైలాన్ విషయంలో మరీను.

గాలం సరిగ్గా తిరుగుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. అరచేతిని వెల్లకిలా చాపి, దాని మీదుగా గాలాన్ని దారంతో మెల్లగా లాగండి. కాస్త దూరం వచ్చేసరికి మొన దానంతట అదే కిందికి తిరిగి చర్మాన్ని తాకాలి. పక్కకు పడి జారిపోతూ ఉంటే కంటి దగ్గర చిన్న సిలికాన్ గొట్టం ముక్కను ఒక కోణంలో తొడిగి చూడండి, చాలాసార్లు అంతటితో చక్కబడుతుంది. గాలపు దారం రెండో కొనను ఎనిమిది ఆకారపు ఉచ్చుతో ముగించి స్వివెల్‌కు తగిలించుకునేలా చేసుకుంటే, పాడైనదాన్ని మార్చడం సులువు. పూర్తయిన గాలపు దారం పొడవు గట్టి అడుగు మీద 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. మెత్తని బురద ఉన్నచోట గుండు దిగబడి దారాన్ని కూడా తనతో లాక్కుపోతుంది కాబట్టి పాతిక సెంటీమీటర్లకు పెంచుతాను.

గుండు అమర్చడం ఇంతకంటే తేలిక. రీలు నుంచి వచ్చిన దారానికి వరుసగా పూసలు గుచ్చినట్లు మొదట రన్ రింగ్, తర్వాత రబ్బరు పూస ఎక్కించి, ఆఖరున స్వివెల్‌ను గ్రిన్నర్ ముడితో కట్టేయాలి. గుండు రన్ రింగ్‌కున్న క్లిప్పుకు వేలాడుతుంది. విసిరినప్పుడు గుండు వచ్చి ముడిని కొట్టకుండా రబ్బరు పూస కాపాడుతుంది. పూస మరీ చిన్నదైతే రింగ్ దానిమీదుగా దూరి స్వివెల్‌లో ఇరుక్కునే ప్రమాదం ఉంది కనుక రెంటి కొలతలూ చేత్తో పోల్చి చూసుకోవాలి. స్వివెల్ రెండో వైపున గాలపు దారం తగిలించి, దాని మీదికి సన్నగా సాగిన రబ్బరు తొడుగును జరిపితే, గాలిలో గాలం వెనక్కి తిరిగి పెద్ద దారానికి చుట్టుకోవడం బాగా తగ్గుతుంది. గుండుకు ఓ మీటరు పైన దారానికి పెసరగింజంత టంగ్‌స్టన్ ముద్ద అద్దితే ఆ మేర దారం నేలకు అంటుకుని ఉంటుంది, దగ్గరికి వచ్చే చేప పక్కలకు తగిలి బెదరగొట్టదు. ఈ ముద్ద వేళ్లతో లాగితే ఊడిపోయేంత మెత్తగానే ఉండాలి, గుండు జారే దారికి అది అడ్డం కాకూడదు.

ఆ మాట అన్నాను కాబట్టి, నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టే విషయం ఇక్కడే చెబుతాను. విసరబోయేముందు గుండును చేత్తో పట్టుకుని దారం పైకి జరిపి చూడండి. గుండుకూ కర్రకూ మధ్య దారం ఎక్కడైనా తెగిందనుకుని ఆలోచించండి. తెగిన కొనదాకా గుండుకు అడ్డు తగిలేది ఏదీ ఉండకూడదు. అప్పుడు గుండు దారం మీంచి జారి రాలిపోతుంది, చేప మూతికి ఒక గాలం, కాస్త దారం మాత్రమే మిగులుతాయి. బార్బ్ లేని గాలమైతే అది కూడా కొద్ది కాలంలోనే వదిలిపోయే అవకాశం ఎక్కువ. గుండు జారకుండా ఇరుక్కుందంటే, ఆ చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరిగి, ఏ మునిగిన కొమ్మకో తగులుకుని, కదల్లేక చచ్చిపోతుంది. దారం పైన మరో ముడి వేసి లీడర్ అనే వేరే దారం ముక్క జోడించినా, లెడ్‌కోర్ అనే, లోపల సీసమున్న అల్లిక దారం వాడినా ఈ ప్రమాదం పెరుగుతుంది. చాలా చెరువుల యజమానులు లెడ్‌కోర్‌ను నిషేధించడానికి కారణం ఇదే. కొత్తగా నేర్చుకునేవారు వాటి జోలికి పోవలసిన అవసరమే లేదు.

గుండును దారానికి సగం బిగించి ఉంచే మరో పద్ధతి ఇక్కడ బాగా వాడుకలో ఉంది. అందులో చేప కదలగానే గుండు బరువంతా ఒక్కసారి తగిలి, అది బెదిరి పరుగెత్తడంతో గాలం దానంతటదే దిగుతుంది. అది బాగా పనిచేసే పద్ధతే, కాదనను. అయితే రోజూ ఎవరో ఒకరి గాలానికి చిక్కి వదిలిపెట్టబడే చిన్న చెరువుల్లోని పెద్ద చేపలు, తల విదిలిస్తూ ఆ బిగిసిన బరువునే ఊతగా చేసుకుని గాలాన్ని ఊడగొట్టుకుంటాయని ఇక్కడి పాత గాలగాళ్లు చెబుతారు. నాకూ ఆ మాట నిజమే అనిపిస్తుంది. జారే గుండు ఆ ఊతం ఇవ్వదు. పైగా చేప ఎటు కదిలినా ఆ కదలిక గుండును దాటి నేరుగా కర్రదాకా వస్తుంది కనుక, కింద ఏం జరుగుతోందో నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి గురువు లేదు. నాచు దట్టంగా పెరిగినచోట మాత్రం జారే గుండు మంచిది కాదు. అక్కడ చేప నాచులో దూరగానే గుండు విడిపోయి పడిపోయేలా చేసే లెడ్ క్లిప్పు అమరికే చేపకు క్షేమం. అలాంటి నీళ్లను కొంత అనుభవం వచ్చేదాకా పక్కన పెట్టడం మేలు.

విసిరేటప్పుడు గుండు నీటిని తాకడానికి కాస్త ముందు రీలు అంచున దారాన్ని చూపుడువేలితో మెల్లగా ఒరిస్తే, గుండు వేగం తగ్గి గాలపు దారం దానికంటే ముందుకు చాచుకుంటుంది, చిక్కుపడదు. గుండు మునుగుతుండగా దారాన్ని బిగువుగా పట్టుకుని కర్రను నిలిపి ఉంచండి. అడుగు తాకినప్పుడు కర్ర ద్వారా చేతికి వచ్చే సమాచారం చాలా విలువైనది. ఠక్కుమని గట్టిగా తగిలితే గులకరాళ్లు లేదా గట్టి నేల. మెత్తగా కూరుకుపోయినట్లు ఉంటే బురద. ఏమీ తెలియకుండా బరువు మాయమైతే నాచు మీద పడినట్లు. గట్టి నేల దొరికేదాకా రెండు మూడు చోట్ల వేసి చూడటానికి బద్ధకించకండి, అలాగని ఒకేచోట పదేపదే చప్పుడు చేస్తే దగ్గరలో ఉన్న చేపలు దూరం జరుగుతాయి.

జారే గుండుకు దారం పడే తీరు కూడా ముఖ్యమే. కర్ర నుంచి గుండుదాకా దారం ఓ మోస్తరు తిన్నగా ఉండాలి. గాలికి పక్కకు కొట్టుకుపోయి పెద్ద వంకర తిరిగితే, చేప లాగిన దూరమంతా ఆ వంకర సర్దుకోవడానికే సరిపోతుంది, దారం కదలికను పసిగట్టే మన అలారం మోగేసరికి ఎరను ఉమ్మేసి ఉంటుంది. అందుకే విసిరాక కర్ర కొనను నీటిలో ముంచి, దారాన్ని చుట్టి బిగువు చేసి, అది మునిగాక స్టాండు మీద పెడతాను. కర్రకూ రీలుకూ మధ్య దారానికి వేలాడే బాబిన్ అనే చిన్న బరువు, చేప దూరంగా పోతే పైకి లేస్తుంది, మనవైపు వస్తే కిందికి జారుతుంది. కిందికి జారినప్పుడు కొత్తవాళ్లు పట్టించుకోరు, కానీ అదీ చేపే. వెంటనే కర్ర అందుకుని, వదులైన దారాన్ని చకచకా చుట్టి బిగువు తగిలేదాకా లాగాలి.

నియమాల సంగతి క్లుప్తంగా. ఇంగ్లాండులో 13 ఏళ్లు నిండిన ఎవరైనా గాలం వేయాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే లైసెన్సు ఉండాలి, దానికి తోడు చెరువు యజమాని అనుమతి వేరే. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నదులలో మామూలు మంచినీటి చేపల వేట మూసివేస్తారు, చెరువులు చాలావరకు తెరిచే ఉంటాయి. గాలాలకు వాడే చిన్న సీసపు గుండ్లు, అంటే 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల వరకు ఉన్నవి, 1987 నుంచి అమ్మకానికి నిషేధం. గట్టున రాలిపోయిన గుండ్లను హంసలు గులకరాళ్లనుకుని మింగి సీసం విషానికి చచ్చిపోవడమే అందుకు కారణం. మన 57 గ్రాముల గుండు ఆ హద్దుకు పైన ఉంటుంది కనుక చట్టం ఒప్పుకుంటుంది. అయినా ఇప్పుడు సీసం లేని గుండ్లు, రాతి గుండ్లు కూడా దొరుకుతున్నాయి, వీలైతే అవే కొనండి.

మన ఊళ్లలో ఇదే అమరిక వాడవచ్చా అని కూడా అడుగుతారు. నిస్సంకోచంగా వాడవచ్చు. మనవైపు చాలాచోట్ల స్ప్రింగు చుట్టూ పిండిముద్ద పెట్టి, దానికి నాలుగైదు గాలాలు వేలాడదీసే పద్ధతి ఉంది. కూర కోసం పట్టేవారికి అది నడుస్తుంది కానీ, చేప కంటికీ మొప్పలకూ ఎక్కడపడితే అక్కడ గాలాలు దిగుతాయి, చిన్న చేపపిల్ల చిక్కినా బతికించి వదలడం కష్టం. మధ్యలో రంధ్రమున్న సీసపు గుండు మన దుకాణాల్లోనూ దొరుకుతుంది. దారాన్ని అందులోంచి తీసి, ఒక పూస, ఒక స్వివెల్, ఒకే ఒక గాలం కట్టి, నానబెట్టి బాగా ఉడికించిన మొక్కజొన్న గింజలను ఉచ్చుకు ఎక్కిస్తే బంగారు తీగకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. మోసు కూడా అడుగున మేసేదే, రవ్వ ఎక్కువగా నడిమి నీళ్లలో మేస్తుంది. బొచ్చె మాత్రం పై నీళ్లలో తిరిగే చేప, దానికి ఈ అమరిక పనికిరాదు.

చేప దొరికిందనుకోండి. పెద్ద వలబుట్టలోకి తీసుకుని, ముందే తడిపి ఉంచిన మెత్తని చాప మీద, చేతులు తడిపాకే ముట్టుకోవాలి. పొడిచేతులు దాని ఒంటి జిగురును తుడిచేస్తాయి, ఆ జిగురే దానికి రక్షణ. గాలం తీసి, నోటి చుట్టూ ఒకసారి చూసి, నిలబడి కాకుండా మోకాళ్ల మీద కూర్చునే ఎత్తి, నీళ్లలో పట్టుకుని, తోక విదిల్చాకే వదలండి.

తిరిగి విసిరేముందు గాలం మొనను బొటనవేలి గోరు మీద బరువు పెట్టకుండా ఒకసారి లాగి చూడండి. మొన గోటిని పట్టుకుని సన్నని గీత పెడితే ఇంకా పనికొస్తుంది. గీత పడకుండా జారితే దాన్ని ఆకురాయితో అరగదీసే శ్రమ వద్దు, కొత్త గాలపు దారం తగిలించండి. తర్వాత రీలు దారం చివరి రెండు మీటర్లను వేళ్ల మధ్య నడిపించండి. ఎక్కడైనా గరుకు తగిలితే ఆ భాగం కత్తిరించి, రింగూ పూసా మళ్లీ ఎక్కించి, స్వివెల్ ముడిని తడిపి కొత్తగా వేయండి.